సుద్ద పూసిన పడవ

మదరాసు,
4-2-1961, శనివారం.

నాయనకు,

నీ పెద్దకొడుకు జ్ఞానప్రకాశం చేతులు జోడించి రాసేది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, నీ కోడలు నవోమీ, తమ్ముడు సమాధానమూ క్షేమంగా ఉండాలని ప్రభువుకు మొరపెట్టుకుంటున్నాను. ప్రతి ఉత్తరంలోనూ రాసే మాటే ఇది. కానీ ఈ వారం నిజంగానే మొరపెట్టుకుంటున్నాను, పనిచేస్తూ కూడా, అన్నం తింటూ కూడా.

ఇన్నాళ్ళూ ఉత్తరాల్లో నిన్ను 'మీరు' అని రాశాను. ఇంట్లో ఏనాడూ అలా పిలవలేదు. దాచేవాడికి మర్యాద ఎక్కువ అంటారు, అదేనేమో. ఈరోజు ఇంట్లో పిలిచినట్టే రాస్తాను.

నవోమీ, ఇది చదివేది నువ్వే కదా. నా ఉత్తరం వస్తే నాయన పంచలో కూర్చుని నీ చేత గట్టిగా చదివించుకుంటాడు. ఈసారి ఒక్క ముక్క కూడా మింగకుండా చదువు. నాయన ఆపమన్నా ఆపవద్దు. మధ్యలో ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

నాయనా, నేను పనిచేసేది రాయపురం పడవల యార్డులో కాదు. సినిమా స్టూడియోలో.

రాసేశాను. నాలుగేళ్ళుగా ఈ ఒక్క వాక్యం రాయలేక దాని చుట్టూ వంద ఉత్తరాలు రాశాను. చిన్నప్పుడు కావలి టూరింగు టాకీసుకు పోయి వచ్చిన రోజు నువ్వు మోకుతో కొట్టిన దెబ్బ నాకింకా గుర్తుంది. "సాతాను డేరాలో కూచోనొచ్చి నా కంచంలో చెయ్యి పెడతావా" అన్నావు. ఆ కంచం గుర్తొచ్చే రాయలేకపోయాను. మదరాసు వచ్చింది యార్డు పని కోసమే, అది అబద్ధం కాదు. వచ్చిన రెండో నెలలోనే యార్డు మూసేశారు. ఊరికి తిరిగివచ్చే మొహం లేక రేవులో కూర్చుని ఉంటే, స్టూడియో ఆర్ట్ డైరెక్టరు పడవ చేసే మనిషిని వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్ళ వడ్రంగులకు సింహాసనాలూ స్తంభాలూ వచ్చు గానీ పడవ రాదు. మూడు రోజుల పని అని తీసుకుపోయి నెలజీతం మీద పెట్టుకున్నారు.

స్టూడియో అంటే డేరా కాదు నాయనా. మన ఊరంత ఆవరణ, చుట్టూ గోడ, ఒకే గేటు. పొద్దున ఏడున్నరకు సైరన్ కూస్తుంది, ఆలోపే గేటు దగ్గర చీటీ గుద్దించుకోవాలి. వడ్రంగులం నలభైమందిమి. ప్లాస్టరు పోతపోసేవాళ్ళు, రంగులవాళ్ళు, బట్టలు కుట్టేవాళ్ళు, వాద్యాల వాళ్ళు, కథలు రాసేవాళ్ళు ముగ్గురు, అందరికీ నెలజీతాలే. తెరమీద రాణిగా కనబడే అమ్మాయి కూడా టిఫిను డబ్బా పట్టుకుని మా వరసలోనే నిలబడుతుంది. ఆమె ఇంకో కంపెనీలో నటించకూడదు, ఒప్పందం తీరేదాకా పెళ్ళి చేసుకోకూడదు. తాత వేషాలకు ఒకాయన ఉన్నాడు. ఆయన వయసు ముప్ఫై ఎనిమిది. మీసం నల్లగా ఉన్నప్పటి నుంచీ ఆయన్ను తాతగానే వాడుతున్నారు, ఎందుకంటే ఆయన జీతం తాత పద్దులో ఉంది. యజమానిని ముదలాళి గారు అంటారు. ఆయన్ను మేము కారు అద్దంలో తప్ప చూడం.

ముందు కథ పుడితే దానికి ఇల్లు కడతారని నేను అనుకునేవాడిని. ఇక్కడ ఇల్లు ముందు, కథ తరవాత. కోట సెట్టింగు పడగొట్టడం ఎందుకులే అని ఇంకో రాజుల కథ రాయిస్తారు. మా ఆవరణలో ఒక తొట్టి ఉంది, నలభై అడుగుల పొడవు, మోకాలి లోతు. వెనక గుడ్డమీద ఆకాశం రాసి ఉంటుంది. ఇద్దరు మనుషులు నీళ్ళలో పీపాను ఎత్తి దించుతుంటే అలలు లేస్తాయి. అదే మా సముద్రం. తొట్టి కట్టించారు గనక ఏడాదికి రెండు పడవ కథలు రావలసిందే. అందుకే నాకు ఈ ఉద్యోగం.

నాలుగేళ్ళలో ఏడు పడవలు చేశాను. ఒక్కటీ ఉప్పునీళ్ళు చూడలేదు. వాటిలో ఆరింటికి రెండో పక్కే లేదు. కెమెరా ఎటు ఉంటే అటు పక్క చెక్క, రంగు. ఇటువైపు నాలుగు ఆసరా కర్రలు, మేకులు. రెండేళ్ళ కింద పంపిన ఫోటోలో నా వెనక ఉన్నది అలాంటిదే. "పడవ బాగుండాది గానీ, ఒక పక్కే చూపించినాడేంది" అని నువ్వు అన్నావని నవోమి రాసింది. ఆ ముక్క చదివాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. నీ కొడుకు ఏం నేర్చుకున్నాడో ఆ ఫోటో నీకు చెప్పేసిందని భయపడ్డాను.

ఇక అసలు సంగతి. ఏడోదానికి మాత్రం రెండు పక్కలూ కావాలన్నారు, అమ్మాయి దాంట్లో కూర్చుని తొట్టిలో గుండ్రంగా తిరగాలని. నలుగురు మనుషులు ఎత్తేంత తేలికగా ఉండాలన్నారు. సామాను పెట్టెల చెక్కతో చేశాను. నీళ్ళు రాకుండా సందుల్లో పీచూ గుగ్గిలమూ కూరతానంటే మా ఫోర్‌మన్ గంగాధరం మేస్త్రి నవ్వాడు. "మోకాలి లోతుకు అంత సంబరమా, ప్లాస్టరు పెట్టి రంగు కొట్టు" అన్నాడు. అలాగే చేశాను. అది ప్లాస్టరు కాదు నాయనా, బడిపిల్లలు రాసుకునే సుద్ద అనుకో. తొట్టిలో అయితే పూట నిలుస్తుంది. ఉప్పునీళ్ళలో, అల కొడుతుంటే, పావుగంట కూడా నిలవదు.

ఆ పడవ మన ఊరికి వస్తోంది.

తప్పు నాదే. పోయిన సినిమాలో తొట్టిని చూసి నెల్లూరు హాల్లో బెంచీ జనం "కుడితి తొట్టిరా!" అని కేకలు వేశారట. దాంతో ముదలాళి గారికి పట్టుదల వచ్చి, ఈసారి నిజం సముద్రం కావాలన్నారు. గోడ దాటి షూటింగుకు పోవడం ఇక్కడ ఎవరికీ అలవాటు లేదు. ఆర్ట్ డైరెక్టరు "మంచి ఒడ్డు ఎవరికైనా తెలుసా" అని అడిగితే నా నోరు ఊరుకోలేదు. మా జువ్వలదిన్నె లాంటి ఒడ్డు లేదన్నాను. బిట్రగుంటలో రైలు దిగితే చాలన్నాను. ఊళ్ళో పడవలే వాడుకుంటారని అనుకున్నాను. తీరా చూస్తే, సగం సీను తొట్టిలో ఈ పడవతో తీసేశారు కాబట్టి సముద్రంలో కూడా ఇదే కనబడాలట. లేకపోతే అతకదట. ఇది మునిగే పడవ అని గంగాధరం మేస్త్రికి చెప్పాను. ఆయన ఆర్ట్ డైరెక్టరు అసిస్టెంటుకు చెప్పాడు. ఆయన "ఒడ్డు పక్కనేలే" అన్నాడు. ఎవరి డిపార్టుమెంటు వాళ్ళది. పడవ పడవ కాదని ముదలాళి గారికి చెప్పే డిపార్టుమెంటు ఇక్కడ లేదు. నేను కూడా వెళ్తానని సెలవు అడిగాను. రాజసభ సెట్టింగు శుక్రవారానికి పూర్తి కావాలని గేటు పాసు ఇవ్వలేదు.

సోమవారం లారీ బయలుదేరుతుంది. మంగళవారం మన ఊళ్ళో ఉంటుంది. శుక్రవారం షూటింగు.

నా అసలు భయం ఇంకొకటి ఉంది నాయనా. పడవ ముక్కు లోపలివైపు, చెయ్యి దూర్చితేనే తగిలే చోట, మన ఇంటి గుర్తు, మూడు గాట్లు పెట్టాను. కావాలని పెట్టలేదు. చెక్క కూర్చాక ఉలి దానంతట అదే అటు పోయింది, నీ పక్కన నిలబడి ఇరవై ఏళ్ళు చేసిన పని కదా. ఒడ్డున కొత్త పడవ దిగితే నువ్వు తట్టి చూడకుండా ఉండవు. నీ చెయ్యి ఆ గాట్లను పట్టేస్తుంది. పట్టేశాక నువ్వేం చేస్తావో నాకు తెలుసు. కట్టినవాడు ఎక్కి అల దాటి తిరిగి వచ్చేదాకా మన రేవులో ఎవరూ కొత్త పడవలో కాలు పెట్టరు. కట్టినవాడు రాలేని స్థితిలో ఉంటే అతని తండ్రి ఎక్కాలి. నా పడవ అని తెలియగానే నువ్వు తలగుడ్డ బిగించి ఎక్కుతావు. డెబ్భై ఏళ్ళ వయసులో, సుద్ద పడవలో, నా పరువు కోసం.

ఎక్కవద్దు నాయనా. సమాధానాన్ని ఎక్కనివ్వవద్దు. కావాలంటే గొడ్డలి పెట్టి పగలగొట్టు. నన్ను ఎంతైనా తిట్టు, ఇంటికి రావద్దను, పడతాను. ఎక్కవద్దు. టెలిగ్రాం ఇద్దామనుకున్నాను గానీ, ఊళ్ళోకి టెలిగ్రాం వస్తే చావు కబురే అనుకుంటారు. నువ్వు దాన్ని చూసే కూలిపోతావని ఆగిపోయాను.

నవోమీ, నీకు కూడా నాలుగేళ్ళు అబద్ధమే చెప్పాను. మదరాసు తీసుకుపొమ్మని నువ్వు అడిగినప్పుడల్లా ఇల్లు దొరకలేదన్నాను. ఇల్లు రెండేళ్ళ కిందే దొరికింది. నువ్వు వస్తే గేటు చూస్తావని భయం.

ఇట్లు,
నీ కొడుకు,
జ్ఞానప్రకాశం


మదరాసు,
6-2-1961, సోమవారం.

నాయనకు,

జ్ఞానప్రకాశం రాసేది. శనివారం వేసిన ఉత్తరం అందిందో లేదో తెలియదు. టపా బిట్రగుంట నుంచి సైకిలు మీద రావాలి, ఆ సైకిలు ఎక్కడ పంక్చరు అయిందో అని కూర్చున్నా నిలబడ్డా అదే ఆలోచన. అందుకని ఇది లారీ డ్రైవరు హజరత్తయ్య చేతికి ఇస్తున్నాను. మన నెల్లూరు మనిషే, మాట తప్పడు. ఈ ఉత్తరం ఆ పడవతోపాటే వస్తుంది. పడవ కంటే ముందు దీన్ని దించమని చెప్పాను.

మొదటిది అందకపోతే ఈ నాలుగు ముక్కలు విను. నేను సినిమా స్టూడియోలో వడ్రంగిని. లారీలో వచ్చిన పడవ నేను చేసిందే. దాని సందుల్లో ఉన్నది సుద్ద. దాంట్లో ఎవరూ ఎక్కకూడదు.

ఈరోజు పొద్దున ఒక పని చేశాను. ముదలాళి గారి కారు గేటు దగ్గర నెమ్మదిస్తుంది, అప్పుడు ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్నవాళ్ళు కూడా అలా నిలబడలేదట. ఆయన అద్దం దించారు. "అయ్యా, ఆ పడవ సముద్రంలో మునుగుతుందండి" అన్నాను. ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూసి, కోపం లేకుండానే అడిగారు. "నువ్వు ఏ డిపార్టుమెంటు?"

"కార్పెంటరీ అండి."

"మీ ఫోర్‌మన్ ద్వారా రా" అన్నారు. అద్దం పైకి పోయింది.

ఆయన చెడ్డవాడని నేను అనను. నాలుగువందల ఇళ్ళలో పొయ్యి వెలిగేది ఆయన వల్లే. కానీ ఫోర్‌మన్‌కు చెప్పి, ఆయన ఇంకొకరికి చెప్పి, చివరికి ఆ మాట ముదలాళి గారి దగ్గరికి చేరేసరికి సముద్రంలో ఎవరు ఉంటారు? గంగాధరం మేస్త్రికి నా మూలంగా చీవాట్లు పడ్డాయి. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. గేటు దగ్గర నా పేరు చెప్పి, వీడిని వేళ కాకుండా బయటికి వదలొద్దని రాసిపెట్టారు.

మధ్యాహ్నం క్యాంటీనులో ఇంకో సంగతి విన్నాను. కథలో పడవ నడిపేవాడు ముసలివాడు. తొట్టిలో అయితే మా తాత వేషాల ఆయనే తెడ్డు వేశాడు. ఆయన సముద్రం మొహం చూడలేదు, రానన్నాడట. అందుకని ప్రొడక్షన్ మేనేజరు జయరామయ్య ఊళ్ళోనే ఒక ముసలాయన్ని చూసి అదే వేషం వేయిస్తాడట. దూరం నుంచి తీస్తారు కాబట్టి తెల్లగడ్డం ఉంటే చాలునట. మన ఒడ్డున తెల్లగడ్డం ఎవరికి ఉంది నాయనా? ఇంకెవరినైనా అయితే రానంటారేమో. నువ్వు గాట్లు చూసి ఉంటావు. అటు వాళ్ళు పిలుస్తారు, ఇటు ఊరి ఆచారం తోస్తుంది. రెండూ కలిసి నిన్ను ఆ పడవలోకి ఎక్కిస్తాయి.

అందుకని నిశ్చయించుకున్నాను. గురువారం మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే, వంటశాల వెనక గోడ ఎక్కి దూకుతాను. సెంట్రల్ స్టేషనుకు పోయి ప్యాసింజరు ఎక్కుతాను. పని వదిలి పోయినవాడిని మళ్ళీ గేటు దాటనివ్వరు. ఒక స్టూడియో పేరు కొట్టేస్తే ఇంకో స్టూడియో తీసుకోదు, వాళ్ళలో వాళ్ళకు కట్టుబాటు ఉంది. పోతే పోనీ. శుక్రవారం తెల్లవారేసరికి ఒడ్డున ఉంటాను. కానీ రైలు ఆలస్యమైతే? వాళ్ళు వెలుతురు బాగుందని ఒకరోజు ముందే మొదలుపెడితే? ఈ రెండు ప్రశ్నలతో నాకు పిచ్చెక్కుతోంది.

నాయనా, నేను వచ్చేదాకా ఆగు. నువ్వు నా మాట ఎప్పుడూ వినలేదు, నేనూ నీ మాట వినలేదు. ఈ ఒక్కటి విను.

లారీ హారను కొడుతున్నారు. పడవను తాళ్ళతో బిగించారు. ఇక్కడి నుంచి చూస్తే ఎంత బాగుందో. రంగు, నునుపు, అన్నీ ఉన్నాయి. తెలియనివాడు ఎవడైనా ఎక్కుతాడు.

ఇట్లు,
జ్ఞానప్రకాశం


జువ్వలదిన్నె,
8-2-1961, బుధవారం.

జ్ఞానప్రకాశానికి నాయన జకరయ్య చెప్పి రాయించేది. రాసేది నవోమి. మామ నోటి వెంట వచ్చింది వచ్చినట్టే రాస్తున్నాను.

ఒరే పెద్దోడా, నీ ఉత్తరాలు రెండూ నిన్ననే అందినాయి. ఒకటి పొద్దున సైకిలోడు తెచ్చినాడు, రెండోది సాయంత్రం లారీ డ్రైవరు ఇచ్చినాడు. నవోమి ఒక్క ముక్క మింగలా. ఆపమన్నా, ఆపలా.

నాకు కోపం వచ్చినాది. ఇప్పటికీ ఉండాది. బాడిస తీసుకుని లేచినాను. ఎవురి మీదికి లేచినానో నాకే తెలీలా, నువ్వు మదరాసులో ఉండావు గదా. మళ్ళీ కూచున్నాను. నాలుగేళ్ళు. గుళ్ళో లేచి నిలబడి, మా వాడు రాయపురంలో పడవలు కడతావుండాడు, వాడి చేతుల్ని దీవించు ప్రభువా అని ప్రార్థన చేసినోడ్ని నేను. దేవుడి ముందర నా చేత గూడా అబద్ధం చెప్పించినావు.

లారీ వచ్చేతలికి ఊరంతా ఒడ్డునే ఉండాది. పడవ దించంగానే సమాధానం ఎగిరి కూచోబోయినాడు. చెవి పట్టుకుని దించినా. నేను చుట్టూ తిరిగి తట్టినా. సందులో గోరు పెడితే సుద్ద రాలినాది. నాకు సిగ్గేసినాదిరా. అంతమందిలో తల ఎత్తలేకపోయినా. ముక్కు లోపలికి చెయ్యి పెట్టినా. గాట్లు తగిలినాయి, మూడు. చెయ్యి అట్టానే పెట్టుకుని రవంత సేపు నిలబడినా. నువ్వు భయపడింది నిజమే. అప్పటికప్పుడు ఎక్కేయాలనిపించినాది. నీ ఉత్తరం అందకపోయుంటే ఎక్కేసేవోడ్నే.

ఈ పొద్దు మేనేజరు జయరామయ్య కారులో వచ్చినాడు. నన్ను చూడంగానే, "తాతా, నీ గడ్డం భలే ఉంది, ఈ పడవ నువ్వే నడపాల" అన్నాడు. నేను నాలుగు కడవల ఉప్పునీళ్ళు తెప్పించి పడవ లోపల పోయించినా. చూస్తా ఉండంగానే సందుల్లోంచి తెల్లగా కారినాది, కుడితి మాదిరి. జయరామయ్య మొకం గూడా అదే రంగుకొచ్చినాది. అయినా వదల్లా. "పది నిమిషాల పనే గదా తాతా, ఒడ్డు పక్కనే" అన్నాడు.

అప్పుడు చెప్పినా మన రేవు మాట. కట్టినోడు ఎక్కి అల దాటి రానిదే ఈ పడవ కదలదు అని. ఎవురో ముందే చెవిలో వేసినట్టుండారు, "కట్టినవాడు రాలేకపోతే తండ్రి ఎక్కొచ్చంట గదా" అన్నాడు. "మంచాన పడుంటే నేను ఎక్కతా. నా కొడుక్కి కాళ్ళుండాయి. వాడు రాకుండా పట్టుకోనుండేది మీ గోడ. తోలుకురాండి" అన్నా. ఆయన వేరే మనుషుల్ని అడిగినాడు. ఒక్కడు గూడా ముందుకి రాలా. చేపలమ్మే ముసలమ్మ గంప బోర్లించి పడవ ముందర కూచున్నాది. "ముందు ఆ బిడ్డను పిలిపీయ్, తరవాత నీ సినిమా" అన్నాది. ఆమెను లేపే మొగోడు ఈ ఊళ్ళో లేడని నీకు తెలుసు గదా.

జయరామయ్య కావలి పోయి ఫోను చేసినాడు. మీ ముదలాళే మాట్లాడినాడంట. "ఎవరా మనిషి, ఏ డిపార్టుమెంటు" అని అడిగినాడంట. జయరామయ్య, "పడవ కట్టినవాడండి, అతను రాకపోతే ఇక్కడ షూటింగు లేదండి" అన్నాడంట. పంపియ్యమన్నాడు.

కారు నీ కోసరమే వస్తావుండాది. ఈ ఉత్తరం దాంట్లోనే వస్తాది. ఒరే, గోడ దూకబాక. కాలు ఇరగ్గొట్టుకుంటావు. గేటులోంచే రా. ముందు సీట్లో కూచోని రా.

బాడిస తేబాక, నాది ఉండాది. పీచు నానబెట్టినా. గుగ్గిలం ఉడికించను సమాధానానికి చెప్పినా. రేపు పొద్దున్నే కూచుంటే సాయంత్రానికి సుద్దంతా గీకేసి కూరేయొచ్చు. పైన వాళ్ళ రంగు వాళ్ళు కొట్టుకుంటారంట, జయరామయ్య ఒప్పుకున్నాడు. ఎల్లుండి పొద్దున నువ్వు ఎక్కతావు. నీ నడుముకు తాడు కట్టి రెండో కొస నేను పట్టుకుంటా. నాకు భయంగానే ఉండాది, లేదని చెప్పను. పెట్టె చెక్క ఒకసారి పోయొచ్చేదానికి ఆగతాది, రెండోసారికి ఆగదు. నువ్వు వచ్చినాక వాళ్ళు ఒడ్డు పక్కన ఏం తీసుకుంటారో తీసుకోని, సాయంత్రానికి దాన్ని పొయ్యిలోకి కొడతా.

ఇంకొక మాట. నీళ్ళు పోసినాక వంగి లోపలి కర్రలు చూసినా. కూర్పు యాడా తప్పలా. మనిషి కంటికి ఆనని కాడ గూడా ఉలి సరిగ్గానే నడిచినాది. నీ నోటికి అబద్ధం అలవాటైనాది గానీ చేతికి కాలా. అందుకే నిన్ను ఇంటికి రమ్మంటావుండా.

సినిమా పాపమా కాదా పాస్టరుగారు చెప్తారు. సందుల్లో సుద్ద పెట్టడం మాత్రం పాపం. ఆ పనిలో ఉంటావో మానతావో నువ్వే చూసుకో. ఉంటే, పడవ అడిగినోడికి పడవ చేసి ఇయ్యి, మోకాలి లోతుకైనా సరే. నీకు పడాల్సింది మాత్రం పడతాది. అల దాటి వచ్చినాక. తడిబట్టలు మార్చుకున్నాక.

ఇట్లు, నీ నాయన జకరయ్య వేలిముద్ర.

మామ చెప్పింది అయిపోయింది. ఆయన గుగ్గిలం చూడటానికి పెరట్లోకి వెళ్ళారు. ఇక్కడి నుంచి నా మాట.

మీకు నమస్కారాలు. నాలుగేళ్ళుగా మీ ఉత్తరాలు పంచలో కూర్చుని గట్టిగా చదివింది నేను. ఇరుగుపొరుగు వచ్చి విన్నారు. రాయపురం యార్డులో ఎన్ని పడవలు దిగాయో, వాటి పొడవెంతో, నేనే గొంతెత్తి చెప్పాను. అబద్ధం మీది, గొంతు నాది. ఈ సంగతి మీకు తోచలేదు. నన్ను ఒక్క ముక్క వదలకుండా చదవమన్నారు గానీ, క్షమించమని ఎక్కడా అడగలేదు. రెండు ఉత్తరాలూ మళ్ళీ వెతికాను, లేదు. నిన్న చదువుతూ చదువుతూ ఇల్లు దొరికి రెండేళ్ళయిందన్న చోట నా గొంతు ఆగింది. మామ అన్నారు, "ఆగబాకమ్మా, నువ్వే చదవాల" అని. చదివాను.

మీరు మునుగుతారేమోనని నాకూ ఈరోజు అన్నం దిగలేదు. అది వేరే. కోపం వేరే. రెండూ ఉన్నాయని తెలిసి రండి. షూటింగు అయ్యాక మీతోపాటు మదరాసు వస్తాను. గేటు దాకా వచ్చి ఆ తొట్టి ఎలా ఉందో నా కళ్ళతో చూస్తాను. ఇల్లు దొరికింది కదా.

మీరు రెండేళ్ళ కింద పంపిన ఫోటోను గోడమీది నుంచి తీసి పెట్టెలో పెట్టాను. మేకు మాత్రం అలాగే ఉంది. మీరు అల దాటి తిరిగి వచ్చాక, పడవ పక్కన మీకూ మామకూ ఒక ఫోటో తీయాలని జయరామయ్య గారిని అడిగాను. కెమెరా ఎటువైపు పెట్టమంటావమ్మా అని ఆయన నవ్వుతూ అడిగారు.

రెండో పక్కన పెట్టమన్నాను.

నవోమి